కదలని పుస్తకాల నిర్మూలన పథకం

మనిషి పుస్తకాన్ని కనిపెట్టాక సాధించిన అతి పెద్ద విజయం, దాన్ని తెరవకుండానే కొలవడం నేర్చుకోవడం. ఈ విజయం మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో సంపూర్ణమైందని చెప్పడానికి గర్విస్తున్నాను. (గర్వించమని ఉత్తర్వు కూడా ఉంది.)

'లైబ్రరీ వార్తలు, వనరులు' అనే ఈమెయిల్ ప్రతి సోమవారం విద్యార్థులకూ, సిబ్బందికీ, రిటైరైన సిబ్బందికీ, వాళ్ళు పోయాక కొంతకాలం పాటు వాళ్ళ చిరునామాకీ వస్తుంది. అందులో కొత్త కుర్చీల ఫోటో, పాత కుర్చీలకు వీడ్కోలు సందేశం, పాస్‌వర్డు ఎవరికీ తెలియని ఒక డేటాబేసు గురించిన శుభవార్త ఉంటాయి. దాన్ని ఎవరూ చదవరు. మా బావ ఒక్కడే చదువుతాడు. ఈ కథకంతటికీ మూలం ఆ దురలవాటే.

బావ అంటే మా అక్క భర్త. సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ తడిసిన గోడలు గీకుతూ బతికాడు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు గోడ తట్టి చూసి, పెదవి విరిచి, ఆ తర్వాతే కూర్చునేవాడు. (పిలుపులు తగ్గడానికి కారణం ఇదేనని అక్క ఇప్పటికీ అంటుంది.) ఆ గీకుడంతా కలిపి 'గోడల్లో చెమ్మ: కారణాలు, నివారణ' అని ఒక పుస్తకం రాశాడు. విశ్వవిద్యాలయ ముద్రణాలయమే అచ్చువేసింది. ఒక ప్రతి లైబ్రరీలో పెట్టారు. మిగిలినవన్నీ కట్టలు కట్టి బావ మంచం కింద పెట్టారు.

ఒక సోమవారం వార్తల్లో ఈ ప్రకటన వచ్చింది: "షెల్ఫుల్లో చాలాకాలంగా కదలికలేని పుస్తకాలను గుర్తించి, ఎర్ర చీటీ అంటించి, వీడ్కోలు బండిలోకి ఎక్కించడమవుతుంది. పాఠకులు ఇందుకు చింతించనక్కర్లేదు. అవి గుజ్జుగా మారి, కొత్త కుర్చీలు వచ్చే అట్టపెట్టెల రూపంలో తిరిగి మన గ్రంథాలయానికే చేరుకుంటాయి."

బావ చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా లైబ్రరీకి పరిగెత్తాడు. పరిగెత్తే వయసు కాదని నేను వెంట వెళ్ళాను. 'గోడల్లో చెమ్మ' వీపు మీద ఎర్ర చీటీ నిగనిగలాడుతోంది. ఆ షెల్ఫు వెనక గోడ మీద చెమ్మ కూడా నిగనిగలాడుతోంది. అది మాత్రం ఎవరి పరిధిలోకీ రాదు.

కౌంటరులో అడిగితే మమ్మల్ని పుస్తక సంచార పర్యవేక్షణాధికారి దగ్గరికి పంపారు. ఇంత పొడవు పేరు పలికేలోగా ఆయన వెళ్ళిపోతాడని అందరూ సంచారాధికారి అంటారు. గది చల్లగా, శుభ్రంగా ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక మొక్క. పుస్తకం మాత్రం ఒక్కటీ లేదు. మనిషి చాలా మర్యాదస్తుడు. బావని కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించాడు.

"కదలిక అంటే ఏమిటండీ?" అడిగాడు బావ.

"గేటు దాటి బయటికెళ్ళి, మళ్ళీ లోపలికి రావడం సార్."

"మరి చదవడం?"

"అది మా లెక్కలోకి రాదు సార్. గేటు దాటాక పుస్తకం వ్యక్తిగత జీవితం పుస్తకానిది."

"అయితే నేనే తీసుకెళ్తాను. రాయించండి."

సంచారాధికారి బాధగా తలూపాడు. "రచయిత తన పుస్తకం తానే తీసుకుంటే స్వయంచలనం అంటాం సార్. దానికి మార్కులుండవు. వేరే ఎవరైనా తీసుకోవాలి." కాసేపు మొక్క వంక చూసి, గొంతు తగ్గించి, "మీకంటూ ఎవరూ లేరా సార్?" అని అడిగాడు.

ఆ ప్రశ్న మోసుకుని బావ ఇంటికొచ్చాడు. ఇంట్లో అడుగు పెడుతూనే అక్కని పిలిచి, "ఏమోయ్, మనకి చుట్టాలు ఎంతమంది ఉంటారు?" అన్నాడు. పెళ్ళయినప్పటినుంచీ చుట్టాలంటే చిరాకుపడే మనిషి అలా అడిగేసరికి అక్క ముక్కున వేలేసుకుంది.

రిటైరైన సిబ్బంది కుటుంబసభ్యులకు లైబ్రరీ కార్డు ఇస్తారు. కుటుంబం అంటే ఎవరో నిబంధనల్లో లేదు. బావ ఆ సందులోంచి వంశాన్నంతా లోపలికి పంపాడు. మొదట నేను తీసుకున్నాను. నేను తిరిగిచ్చిన రోజే అక్క తీసుకుంది. అక్క దగ్గర్నుంచి మా పిన్ని, పిన్ని దగ్గర్నుంచి బావ తోడల్లుడు. తోడల్లుడికీ బావకీ మాటల్లేవు. అయినా సంతకం పెట్టి పుస్తకం తీసుకుని, మాట్లాడకుండానే వెళ్ళిపోయాడు. చివరికి మొహమాటం చంపుకుని వియ్యాలవారిని కూడా అడిగారు. వాళ్ళు కాదనలేని స్థితిలో ఉన్నారు, పిల్లనిచ్చాం కాబట్టి కాదు, వాళ్ళ ఇంటి గోడని బావ ఎక్కడ తట్టి చూస్తాడోనని.

పుస్తకానికి పాలిథిన్ సంచీ కుట్టించింది అక్క. "లైబ్రరీ పుస్తకం. మరక పడిందంటే మనందరి పరువూ పోతుంది. జాగ్రత్త," అని బావ ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి చెప్పాడు. అందరూ అంతకంటే జాగ్రత్తపడ్డారు. తిరిగిచ్చేటప్పుడు వియ్యపురాలు వినయంగా అంది: "మీ పుస్తకాన్ని మా ఇంట్లో ఎంతో గౌరవంగా చూసుకున్నామండీ అన్నయ్యగారూ. పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు. మేమూ ముట్టుకోలేదు."

అయితే తిరిగివ్వడం అనుకున్నంత తేలిక కాదు. 'పాఠకమిత్ర' అనే యాప్‌లో నక్షత్రాలిచ్చి, పఠనానుభవం రాస్తేగానీ కౌంటరు యంత్రం పుస్తకాన్ని మింగదు. అక్క "అట్ట గట్టిగా ఉంది" అని రాసింది. పిన్ని "చేతికి నిండుగా ఉంది" అని రాసింది. వియ్యంకుడు బాగా ఆలోచించి "కుటుంబమంతా కలిసి చూడదగినది" అన్నాడు. పత్రికలో కాలమ్ రాసుకునేవాణ్ణి కాబట్టి నేను వృత్తిధర్మం పాటించి, "చివరి పేజీదాకా ఊపిరి బిగబట్టేలా చేస్తుంది" అని రాశాను. అందరం ఐదేసి నక్షత్రాలు ఇచ్చాం.

ఇలా ఒక చక్రం పూర్తయ్యేసరికి రెండో చక్రం మొదలైంది. ఎర్ర చీటీ పోయి పచ్చ చీటీ వచ్చింది. తర్వాత బంగారు రంగు చీటీ వచ్చింది. బావ ఆరోగ్యం మెరుగుపడింది. సాయంత్రాలు యాప్ తెరిచి, "ఈరోజు కూడా షెల్ఫులో లేదురా," అని నాకు చెప్పి మురిసిపోయేవాడు. ఎక్కడుందో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. మా పిన్ని బీరువాలో చీరల కింద ఉంది. అయినా ఆ మాట వింటుంటే నాకు కూడా నిజంగా ఎవరో చదువుతున్నట్టు అనిపించేది.

సంవత్సరం చివర్లో సోమవారపు వార్తల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. ఆ ఏటి 'సంచార రత్న' పురస్కారం 'గోడల్లో చెమ్మ'కి ఇచ్చారు.

సభ బ్రహ్మాండంగా జరిగింది. (ప్రేక్షకుల్లో ఎక్కువమంది పాఠకులే. అంటే మేమే.) సంచారాధికారి మైకు ముందు నిలబడి, "ఈ పుస్తకం ఏడాది పొడుగునా షెల్ఫులో ఒక్క పూట కూడా నిలవలేదు. ఇంత అస్థిరమైన పుస్తకం మన చరిత్రలో లేదు," అని ప్రకటించాడు. బావ మెడలో పతకం వేశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. కారణం నాకు తెలుసు, నివారణ లేదు.

చివర్లో ఎవరైనా మాట్లాడతారా అని అడిగారు. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. బక్కపల్చటి మనిషి, భుజాన బరువైన సంచీ. తాను పరిశోధక విద్యార్థినినని, పాత హాస్టల్ భవనాల్లో గోడల చెమ్మ మీద పనిచేస్తున్నానని చెప్పుకుంది.

"ఈ పుస్తకం కోసం ఏడాదిగా వరసలో ఉన్నానండీ," అంది. "ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు తీసుకునే ఉంటారు. వచ్చే నెలలోగా నివారణ మీద రాసి చూపించకపోతే టాపిక్ మార్చుకోమన్నారు మా గైడు. దయచేసి ఒక్కసారి ఇప్పిస్తారా?"

హాలంతా చప్పట్లతో మారుమోగింది. గిరాకీకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని సంచారాధికారి ఆ అమ్మాయితో ఫోటో దిగాడు. ఆ అమ్మాయి మాత్రం పుస్తకం ఇస్తున్నారేమోనని చెయ్యి చాపింది. ఇవ్వలేదు. పురస్కారం వచ్చిన ప్రతిని అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు.

నేను వేదిక వైపు చూశాను. బావ అప్పటికే కుర్చీలోంచి లేచాడు. వేదిక దిగి నేరుగా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, నా దగ్గర ఇంట్లో ప్రతులున్నాయి. నన్ను అడిగితే అప్పుడే ఇచ్చేవాణ్ణి కదా!"

"మీరు లేరనుకున్నాను సార్," అంది, చాలా ఇబ్బందిగా. "కేటలాగులో మీ పేరు పక్కన పుట్టిన సంవత్సరం వేసి, గీత గీసి ఉంది. రెండో సంవత్సరం నింపడం మర్చిపోయారనుకున్నాను."

మర్నాడే మంచం కింద కట్ట విప్పి, దుమ్ము దులిపి, సంతకం పెట్టి మరీ ఒక ప్రతి ఇచ్చాడు. ఆ అమ్మాయి వారం తిరక్కుండా ఇంటికొచ్చింది. అక్క కాఫీ ఇస్తే తాగకుండా పక్కన పెట్టి, పుస్తకం తెరిచి చూపించింది.

"నాలుగు అధ్యాయాలు చదివాను సార్, చాలా బాగున్నాయి. గోడ ఎందుకు తడుస్తుందో అంతా అర్థమైంది. ఏం చెయ్యాలో చెప్పే ఐదో అధ్యాయం దగ్గర పేజీలు తెరుచుకోవట్లేదు. ప్రెస్సులో మడత కొయ్యకుండా వదిలేసినట్టున్నారు. నేను కోస్తే పాడవుతుందేమోనని తెచ్చాను. లైబ్రరీ ప్రతిని కూడా అద్దాల పెట్టె తెరిపించి చూశానండీ, అదీ అంతే. మరి ఇంతమంది ఎలా చదివారు సార్?"

బావ నా వంక చూశాడు. నేను కాఫీ కప్పులోకి చూశాను. అక్క వంటింట్లోంచి కూరగాయల కత్తి తెచ్చి బావ చేతికిచ్చింది.

మడతలు కోశాడు. లోపల పదహారు పేజీలున్నాయి. వాటిలో చెమ్మ లేదు, గోడ లేదు. మొదటి వాక్యం ఇలా ఉంది: "పైదారం పదే పదే తెగుతుంటే ముందుగా సూది తిరగేసి పెట్టారేమో చూసుకోవాలి." అదే ముద్రణాలయంలో అదే రోజుల్లో అచ్చయిన కుట్టుమిషను మరమ్మతుల పుస్తకం తాలూకు కాగితాలు వచ్చి బావ పుస్తకం మధ్యలో కూర్చున్నాయి.

బావ మంచం కింద కట్టలన్నీ బయటికి లాగి ఒక్కొక్కటే కోశాడు. అన్నిట్లోనూ సూదే.

"నాకు ప్రమోషన్ ఇచ్చిన కమిటీ వాళ్ళు ముగ్గురూ 'నివారణ భాగం మా కళ్ళు తెరిపించింది' అన్నారే!" అన్నాడు, నేల మీద కాగితాల మధ్య కూలబడి. "ఇన్నేళ్ళలో ఒక్కడు... ఒక్కడైనా తెరిచి చూడలేదా?"

"మీరు చూశారా?" అంది అక్క.

"ప్రూఫులు చూశాను."

"పుస్తకం?"

"రాసింది నేనే కదోయ్, పుస్తకం ఎందుకు చూస్తాను?"

అక్క ఆ పదహారు పేజీలు తీసుకుని పక్కగదిలోకి వెళ్ళింది. కాసేపటికి ఎప్పట్నుంచో మూలపడున్న కుట్టుమిషను టకటకమని చప్పుడు చేసింది. "సూది తిరగబడే ఉందండీ!" అని లోపల్నుంచి అరిచింది. "మీ పుస్తకం వల్ల ఈ ఇంట్లో ఒక పని జరగడం ఇదే మొదలు!"

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. ఆపుకుంది. తర్వాత బావ మొహం చూసి, నెమ్మదిగా అడిగింది. "చేతిరాత ప్రతి ఏమైనా ఉందా సార్?"

"ముద్రణాలయం వాళ్ళు తిరిగివ్వలేదమ్మా."

"పోనీ, మీకు గుర్తుందా?"

బావ తలెత్తి చూశాడు. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మొదట లైబ్రరీలోనే, ఆ షెల్ఫు వెనక గోడ దగ్గర కూర్చుని చెబుదామనుకున్నాడు. అది నిశ్శబ్ద మండలమని లేపేశారు. మాట్లాడుకోవాలంటే చర్చాగదిని యాప్‌లో బుక్ చేసుకోవాలి. చేసుకున్నారు. చర్చాగదికి నాలుగు వైపులా అద్దాలే. చెమ్మ గురించి చెప్పడానికి గోడ లేదు. చివరికి మా అక్క వంటింటి వెనక గోడని ఎంచుకున్నారు. ఆ గోడ ఏళ్ళ తరబడి పెచ్చులూడుతోంది. అక్క ఎప్పుడు మొత్తుకున్నా "నివారణ పుస్తకంలో ఉంది" అని చెబుతూ వచ్చాడు బావ.

రోజూ ఆ అమ్మాయి వచ్చేది. బావ గోడ గీకుతూ చెప్పేవాడు, ఆవిడ రాసుకునేది. రాసుకోవడంతో ఊరుకోదు, ప్రతిదానికీ ఎందుకని అడుగుతుంది.

"పెచ్చులన్నీ తీసేసి, సిమెంటుతో గట్టిగా పూత వెయ్యాలి," అన్నాడు ఒకరోజు.

"మరి లోపలున్న తడి ఎటు పోతుంది సార్?"

"ఎటు పోతుంది, లోపలే..." బావ ఆగిపోయాడు. తాపీ చేతిలో అలాగే ఉండిపోయింది. గోడని ఒకసారి తట్టి చూసి, "తప్పు చెప్పానమ్మా," అన్నాడు. "సిమెంటు పూస్తే తడి లోపల బిగుసుకుపోయి ఇంకా పైకి పాకుతుంది. పాత ఇటుక గోడకి సున్నమే వెయ్యాలి, ఊపిరాడుతుంది. నేను పుస్తకంలో సిమెంటనే రాశాను. ఆ అధ్యాయం అచ్చుపడకపోవడమే మేలైంది."

ఆయన అంత సంతోషంగా తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఇదిలా ఉండగా ఆ అమ్మాయి మంచి మనసుతో ఒక పొరపాటు చేసింది. లైబ్రరీ ప్రతిలో పేజీలు అతుక్కుని ఉన్నాయని యాప్‌లో ఫిర్యాదు చేసి, ఒక నక్షత్రం ఇచ్చింది. జవాబు వెంటనే వచ్చింది: "తమ ఫిర్యాదు క్షుణ్ణంగా పరిశీలించాము. ఇదే పుస్తకాన్ని తీసుకున్న మిగతా పాఠకులందరూ పూర్తి సంతృప్తి వ్యక్తం చేసియున్నందున, లోపం పాఠకురాలిలో ఉన్నట్టు నిర్ధారించడమైనది. 'పుస్తకం తెరుచుట: ప్రాథమిక శిక్షణ'కు హాజరయ్యేవరకు తమ కార్డు నిలిపివేయబడింది." శిక్షణ మళ్ళీ ఎప్పుడుంటుందో అందులో లేదు. కార్డు లేకపోతే లైబ్రరీ సంతకం లేదు, సంతకం లేకపోతే సిద్ధాంత గ్రంథం తీసుకోరు.

ఈసారి బావ చెప్పులు సరిగ్గా వేసుకునే బయల్దేరాడు. పతకం కూడా జేబులో పెట్టుకున్నాడు.

"ఇది వెనక్కి తీసుకోండి," అని సంచారాధికారి బల్ల మీద పెట్టాడు. "ఆ అమ్మాయి తప్పేం లేదు. తప్పంతా మాది. పుస్తకాన్ని ఎవరూ చదవలేదు. తీసుకున్నవాళ్ళందరూ మా చుట్టాలు. ఇదిగో, వీడు మా బావమరిది. ఊపిరి బిగబట్టానని రాసింది వీడే."

నేను నమస్కారం పెట్టాను. సంచారాధికారి లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఈ మాట మీరు అనలేదు, నేను వినలేదు సార్," అన్నాడు అంతే మర్యాదగా. "వార్షిక నివేదిక వెళ్ళిపోయింది. దాన్ని చూసే కొత్త కుర్చీలు మంజూరు చేశారు."

"చుట్టాల లెక్కతోనా?"

ఆయన కంప్యూటర్ తెరని మావైపు తిప్పాడు. పచ్చ చీటీలు, బంగారు చీటీలు వచ్చిన పుస్తకాల పట్టిక పైనుంచి కిందికి బారుగా ఉంది.

"వీటన్నిటినీ ఎవరు తీసుకున్నారనుకుంటున్నారు?" అన్నాడు. "రచయితలందరికీ చుట్టాలుంటారు సార్."

బావ ఆ పట్టికని కాసేపు చూశాడు. అందులో తన పాత మిత్రుల పేర్లు చాలా కనిపించినట్టున్నాయి. పతకం తీసుకోలేదు, బల్ల మీద వదిలెయ్యనూ లేదు. మొక్క కుండీలో పెట్టాడు. "ఆ అమ్మాయి కార్డు సంగతి చెప్పండి," అన్నాడు.

మార్గం సులువే. అభిప్రాయాన్ని సవరించి ఐదు నక్షత్రాలిస్తే, లోపం తొలగినట్టు యంత్రమే గుర్తిస్తుంది. అబద్ధం రాయమని ఆ అమ్మాయికి ఎలా చెప్పాలా అని దారంతా బావ నీళ్ళు నమిలాడు. ఆవిడ విని, "అబద్ధం ఎందుకు సార్?" అని అప్పటికప్పుడే ఫోన్ తీసి, ఐదు నక్షత్రాలు నొక్కి రాసింది: "ఐదో అధ్యాయం చాలా బాగుంది. పుస్తకంలో లేదు."

'చాలా బాగుంది' అనేదాకా యంత్రం చదివింది. కార్డు వచ్చేసింది.

సిద్ధాంత గ్రంథం నెగ్గింది. అక్క వంటింటి గోడ ఎండింది. బావ ఇప్పుడు ఐదో అధ్యాయం మళ్ళీ రాస్తున్నాడు. రాసిన ప్రతి పేజీనీ ఆ అమ్మాయికి చూపించి, ఎందుకని అడిగించుకుని, కొట్టేసి మళ్ళీ రాస్తున్నాడు. అచ్చువేయిస్తావా అని అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

జరిగినదంతా పైవాళ్ళ చెవిన పడకుండా ఉంటుందా? లైబ్రరీవారు విషయాన్ని తీవ్రంగా పరిగణించి, ఇలాంటి ఇబ్బంది ఇంకెవరికీ రాకూడదని కౌంటరు దగ్గర ఒక కొత్త బోర్డు పెట్టారు. నిన్న వెళ్ళినప్పుడు చూశాను. చక్కటి అక్షరాలు, చుట్టూ పూల అంచు.

"చదివే ఉద్దేశంతో పుస్తకాలు తీసుకునేవారు ఆ విషయం ముందుగా తెలియజేయవలెను."